లాభం, రెండు, మూడు

డాక్టరు నడవమన్నాడు.
ముప్పయ్యేళ్ళ యార్డు సరుకంతా
నా ఊపిరితిత్తుల్లో టిక్కీలు టిక్కీలుగా నిలవుందని
ఎక్స్‌రే లైటుకి పట్టి చూపించాడు.
"ఘాటు లేని చోట నడవండి" అన్నాడు.
గుంటూరులో అదెక్కడుందని అడగబోయి
ఫీజు కట్టి వచ్చేశాను.

అలా ఈ ఆదివారం, ఇంకా తెల్లారకుండానే,
ఉప్పలపాడు చెరువు గట్టు మీద
ముక్కూ మొహం తెలియని పదకొండు మందితో నేను.
గాలి ఇటు తిరిగింది:
చేపలు, రెట్టలు, తడి ఈకలు.
ఇదీ ఘాటే డాక్టరు గారూ.

ముందు నడిచేది సలోమి టీచరు.
మగవాళ్ళ బూట్లు, మోకాలి దాకా బురద.
ఆవిడ మాట్లాడదు, వేలెత్తుతుంది.
వేలు చూపిన చోట పిట్ట ఉంటుంది,
లేకపోతే వచ్చి వాలుతుంది.
బ్యాంకు ఫణీంద్ర గారి కెమెరా గొట్టం మోచేయంత.
మెడిసిన్ చదివే షాహీన్ చేతిలో లెక్కల కాగితం.
ఇద్దరు కవల పిల్లలు:
ఒకడికి ఆకలి, ఇంకొకడికి వాడికంటే ఆకలి.

"ఎర్రకాళ్ళ కొంగ", గుసగుసగా.
చూశాను. దాని తోక దగ్గర గులాబి రంగు
మంచుకి తడిసి పాలిపోయిన తాలుకాయ రంగు.
పక్కన నీటికాకి రెక్కలు ఆరేసుకుని
బేరం కుదరని దళారిలా నిలబడింది.
నాకు తెలిసిన పోలికలు ఇవే, ఏం చెయ్యను.

నీళ్ళ మధ్య సర్కారు తుమ్మలు.
తుమ్మల నిండా గూడబాతులు, కొమ్మకు ఆరు, కొమ్మకు పది,
సంచుల్లాంటి ముక్కులు గుండెకి ఆనించుకుని.
అందరం ఊపిరి బిగబట్టాం.
ఫణీంద్ర గారి వేలు మీట మీదికి వెళ్ళింది.

అప్పుడొచ్చింది తుమ్ము.
ముప్పయ్యేళ్ళ తుమ్ము.

చెరువు చెరువంతా లేచింది.
ముందు రెక్కల చప్పుడు, తర్వాత గాలి,
ఆ తర్వాత ఆకాశం కొంచెం తక్కువైంది.
"చిరంజీవ" అన్నాడు కవల పిల్లల్లో ఒకడు.
ఫణీంద్ర గారు ఏమీ అనలేదు, అంతకంటే అనడం ఉండదు.
నేను తలొంచుకున్నాను.

"చూస్తారేం, లెక్కపెట్టండి!" టీచరు అరిచింది,
పొద్దుట్నించీ మొదటిసారి గట్టిగా.
"కూర్చుంటే ఆకుల్లో కలిసిపోతాయి, లేచినప్పుడే లెక్క!"

నా నోరు నన్నడక్కుండానే మొదలెట్టింది:
లాభం, రెండు, మూడు, నాలుగు...
ఆరున్నొకటి, ఎనిమిది...
కాటా దగ్గర టిక్కీలు దాటినట్టే
తల మీద నుంచి దాటిపోతున్నాయి పిట్టలు.
వేలు మడిచి, కణుపు మీద కణుపు, వందకొక గులకరాయి
లాల్చీ జేబులోకి.

"ఒకటి అనలేదేం అంకుల్?" షాహీన్ అడిగింది.
మొదటిదాన్ని ఒకటి అనరమ్మా, లాభం అంటారు.
ఏడు అంటే ఏడుపు, అందుకని అదీ అనరు.
"మరి సున్నా?"
సున్నాకి మా యార్డులో ఎవరూ కాటా పెట్టరు.

రెండు వందల పద్నాలుగు, అన్నాను.
ఆ అమ్మాయి లెక్క రెండు వందల పదిహేను.
నా లెక్క తప్పదు. ముప్పయ్యేళ్ళలో
ఒక్క టిక్కీకి నా చేత ప్రమాణం చేయించినవాడు లేడు.
కాగితం వైపు, నా వైపు చూసి
షాహీన్ తుమ్మ చెట్టు వైపు చూపించింది.

అక్కడ, పుల్లల గూటి మీద, లేవని పక్షి ఒకటి.
రెక్క సగం విప్పి ఎండకి అడ్డం పెట్టింది.
కింద రెండు బోడి పిల్లలు,
ఈక కూడా మొలవని ముడత తోలు.
నా తుమ్ముకి అది కన్ను కూడా ఆర్పినట్టు లేదు.

కదలని సరుకుని మేం లెక్కలోకి తీసుకోం, అన్నాను.
"ఇప్పుడు తీసుకోండి" అంది టీచరు.
షాహీన్ పెన్ను కొట్టి చూసి,
అన్ని గీతల కంటే పైన, ఖాళీ జాగాలో,
ఒక చిన్న గీత గీసి పక్కన రాసింది: లాభం.

తిరుగు ఆటోలో కవలలిద్దరూ నిద్రపోయారు.
నా భుజం మీద తెల్లటి రెట్ట ఎప్పుడు పడిందో,
మా ఆవిడ చెప్పేదాకా తెలీదు.

సోమవారం యార్డులో
మొదటి టిక్కీ కాటా ఎక్కింది.
లాభం, అన్నాను.
హమాలీ వెంకన్న మళ్ళీ అనమన్నాడు, వినబడలేదట.
గొంతు నాకు తెలియకుండానే తగ్గింది,
ఏదైనా లేచిపోతుందేమోనని.